చనిపోయినవాళ్లతో మాట్లాడే సినిమా ఎందుకు చప్పబడింది?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన ‘హియరాఫ్టర్’ (2010) నిరాశపరిచిందని పోయిన సంచికలో నాలుగు వాక్యాల్లో తేల్చేశాం. విశాఖ పాఠకులు అంత తేలిగ్గా వదల్లేదు. వచ్చిన ఉత్తరాల్లో సగం సినిమా గురించి, సగం ఆత్మలతో మాట్లాడిస్తామనే మీడియంల గురించి.

సినిమా చూడనివాళ్ల కోసం కథ టూకీగా. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్యాక్టరీ పని చేసుకునే జార్జ్ (మాట్ డేమన్) ఎవరి చేతులు పట్టుకుంటే వాళ్ల తాలూకు చనిపోయినవాళ్లు అతనికి కనిపిస్తారు. ఆ శక్తి అతనికి వద్దు. పారిస్ టీవీ జర్నలిస్టు మరీ (సెసిల్ ద ఫ్రాన్స్) సునామీలో కొట్టుకుపోయి, చావు అంచు దాకా వెళ్లి వెనక్కొస్తుంది. లండన్ కుర్రాడు మార్కస్ తన కవల అన్న జేసన్‌ను ప్రమాదంలో పోగొట్టుకుంటాడు. ముగ్గురూ చివర్లో లండన్‌లో కలుస్తారు.

ప్రశ్న: మొదటి పది నిమిషాలు రెప్ప వేయనివ్వలేదు. ఆ తర్వాత కునుకు పట్టింది. అంత పెద్ద దర్శకుడు, అంత మంచి నటులు. లోపం ఎక్కడుంది? నేను దెయ్యాలను నమ్మను కాబట్టి ఎక్కలేదంటారా?
(ఒక పాఠకుడు, ద్వారకానగర్)

మీ నమ్మకానికీ దీనికీ సంబంధం లేదండీ. నమ్మేవాళ్లకూ కునుకు పట్టింది. లోపం కథ కట్టిన తీరులో ఉంది.

జార్జ్ శక్తి నిజమేనని సినిమా మొదట్లోనే చెప్పేస్తుంది. అన్నయ్య బలవంతం మీద ఒకాయన చేతులు పట్టుకుంటాడు, తెర మీద మెరుపు మెరుస్తుంది, చెప్పినవన్నీ నిజమవుతాయి. ఆ క్షణం నుంచి ప్రేక్షకుడికి అనుమానించే పని లేకుండా పోయింది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: చెబుతాడా, చెప్పడా? ‘చెప్పను’ అంటాడు, కాసేపటికి చెబుతాడు, తర్వాత బాధపడతాడు. ఇదే మళ్లీ మళ్లీ. అతను ఒక్కసారైనా తప్పు చెప్పి ఉంటే, లేదా నిజం చెప్పినా ఎవరూ నమ్మకపోతే, కథకు పట్టు దొరికేది.

జర్నలిస్టు మరీ కథలో లోపం వేరు. ఫ్రాన్స్ మాజీ అధ్యక్షుడు మితెరాన్ గురించి పుస్తకం రాస్తానని ఒప్పుకుని, దాని బదులు మరణం తర్వాత ఏముందో రాస్తుంది. ఉద్యోగం పోతుంది, ప్రియుడు పోతాడు. బాగానే ఉంది. కానీ ఆమె ఏం కనిపెట్టింది? చావు దగ్గర పడ్డవాళ్లను చూసుకునే ఆశ్రమానికి వెళ్తుంది, అక్కడి వైద్యురాలు ఆధారాలున్నాయంటుంది. అవేమిటో మనకు చూపరు. జర్నలిస్టు కథలో పరిశోధనే లేకపోతే ఉప్పు లేని పప్పే.

మార్కస్ భాగం మాత్రం బతికి ఉంది. ఆ పిల్లాడికి ఒక కోరిక ఉంది, వెతుకులాట ఉంది, వరసగా ఓటములున్నాయి. అన్నతో మాట్లాడించమని అతను ఒక్కొక్క మీడియం దగ్గరకూ వెళ్లడం, వాళ్లు ఒకరిని మించి ఒకరు డొల్లగా తేలడం సినిమాలోకెల్లా పదునైన భాగం. నవ్వొస్తుంది, వెంటనే గొంతు పట్టేస్తుంది. నూటఇరవై తొమ్మిది నిమిషాల్లో ఈ ఒక్క దారినే పట్టుకుని ఉంటే ఇది వేరే సినిమా అయ్యేది.

ఇంకొకటి. రెండు గంటల పాటు జార్జ్ చేయి తాకితే కనిపించేది చనిపోయినవాళ్లే. చివరి సీనులో మాత్రం మరీని ముద్దు పెట్టుకున్నట్టు జరగబోయేది కనిపిస్తుంది. ఇలాంటి కథలో ప్రేక్షకుడు పట్టుకుని నడిచేది నియమాన్నే. దాన్ని మారిస్తే పాత్ర ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. ఇక్కడ ఊరికే మారిపోయింది, పైగా బహుమతిగా మారిపోయింది.

పీటర్ మోర్గన్ రాసిన తొలి ముసాయిదాకు చాలా దగ్గరగా సినిమా తీశారు. ఈస్ట్‌వుడ్‌ది తక్కువ టేకుల్లో ముగించే అలవాటు. ఆ తీరు వంట క్లాసు సీనుకు మేలు చేసింది: కళ్లకు గంతలు కట్టుకుని జార్జ్, మెలనీ (బ్రైస్ డల్లాస్ హోవర్డ్) ఒకరికొకరు చెంచాతో రుచి చూపించుకుంటారు. మొత్తం సినిమాలో అతని చేయి తాకుతుందేమోనని మనం భయపడేది అక్కడే. స్క్రిప్టులోని ఖాళీలను మాత్రం ఏ టేకూ పూడ్చలేదు.

అందరిదీ మా అభిప్రాయం కాదు లెండి. అమెరికన్ సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ దీనికి 4కి 4 స్టార్లూ ఇచ్చాడు.

ప్రశ్న: ఆ సునామీ నిజం ఫుటేజీయా? 2004లో మన దగ్గర అలా ఎందుకు రాలేదు?
(పెదజాలరిపేట)

ఫుటేజీ కాదు. వీధి సన్నివేశాలను హవాయి దీవుల్లో మావీ దీవిలోని లహైనాలో తీశారు. ఊరిని ముంచెత్తే నీటిని స్కాన్‌లైన్ అనే సంస్థ కంప్యూటర్ మీద, ద్రవాల కదలికను లెక్కగట్టే తమ సొంత సాఫ్ట్‌వేర్ ‘ఫ్లోలైన్’తో తయారు చేసింది. ఆస్కార్‌కు విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో నామినేషన్ దక్కింది, అవార్డు ‘ఇన్‌సెప్షన్’కు పోయింది.

అది నిజమనిపించడానికి కారణం అల ఎత్తు కాదు, అందులోని చెత్త. పోస్టర్ల మీద గీసే నీలపు గోడలా కాకుండా మట్టి రంగులో కార్లను, దూలాలను, కరెంటు తీగలను మోసుకుంటూ వీధుల్లోకి వస్తుంది. సునామీలో మనిషిని చంపేది ఎక్కువగా ఆ సామానే. మోకాలి లోతు దాటితే పరుగెత్తే నీటిలో నిలబడడం ఎవరివల్లా కాదు. కెమెరాను మరీ పాత్ర తల ఎత్తులో నీటిలోనే ఉంచడం కూడా సరైన నిర్ణయం. హెలికాప్టర్ నుంచి చూపించి ఉంటే అది వార్తల క్లిప్పు అయ్యేది.

మన దగ్గరి సంగతి. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మన గడియారంలో ఉదయం 6:28. విశాఖ పోర్టులో సముద్ర మట్టాన్ని కొలిచే టైడ్ గేజ్ అలను రెండున్నర గంటలు దాటాక నమోదు చేసింది. సముద్రపు అడుగు పడమటి వైపు లేచి, తూర్పు వైపు కుంగింది. అందుకే థాయ్‌లాండ్‌లో ముందు సముద్రం వెనక్కి పోయింది, మన వైపు చాలాచోట్ల ముందే నీరు ఉబ్బి వచ్చింది. పైగా పగులు దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగడంతో శక్తి ఎక్కువగా తూర్పు పడమరలకు పోయింది. తమిళనాడు, శ్రీలంక దాని దారిలో ఉన్నాయి, ఉత్తరాంధ్ర పక్కకు తప్పుకుంది.

తీరాన ఉండేవాళ్లు గుర్తుంచుకోవలసింది: ‘సముద్రం వెనక్కి పోతే పారిపోదాం’ అని కాచుకుని ఉండకూడదు, మన వైపు ఆ సూచన రాకపోవచ్చు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. హెచ్చరిక వస్తే ఎత్తుకు వెళ్లాలి. మొదటి అల తగ్గిందని పడవలు చూసుకోవడానికి దిగకూడదు. రెండోదీ మూడోదీ పావుగంట నుంచి గంట తేడాతో వస్తాయి, పెద్దది మొదటిదే కావాలని లేదు.

ప్రశ్న: మా మావయ్యగారు పోయి ఎనిమిది నెలలైంది. అత్తయ్యగారిని బంధువులొకరు ఆత్మలతో మాట్లాడిస్తాడన్న ఆయన దగ్గరకు తీసుకెళ్లారు. ‘ఛాతీ దగ్గర బాధ కనిపిస్తోంది, స అనే అక్షరం వినిపిస్తోంది, ఆయన వాచీ ఇంట్లో ఆగిపోయి ఉంది’ అన్నాడట. మూడూ నిజమే. అచ్చం సినిమాలో జార్జ్ చెప్పినట్టే. ఏటండీ ఇది? ఎలా సాధ్యం?
(ఒక కోడలు, గాజువాక)

ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

‘ఛాతీ దగ్గర బాధ’. గుండెపోటు, ఊపిరితిత్తుల జబ్బు, నిమ్ము, ఆఖరికి ఏ జబ్బుతో పోయినా చివరి గంటల్లో ఆయాసం. వీటన్నిటికీ ఆ ఒక్క మాట సరిపోతుంది. రోడ్డు ప్రమాదమైనా ‘దెబ్బ ఇక్కడే తగిలింది కదూ’ అని సర్దుకోవచ్చు.

‘స’ అక్షరం. సత్యనారాయణ, సూర్యారావు, సన్యాసిరావు, సరోజిని, సీతమ్మ. మన వైపు వీటికి తోడు సింహాచలం, సింహాద్రి. ఉత్తరాంధ్రలో ‘స’ గానీ, అప్పన్న పుణ్యమా అని ‘అ’ గానీ పలికితే ఖాళీగా పోయే గడప అరుదు. ఆ అక్షరం ఎవరిదో ఆయన చెప్పలేదు, గమనించారా? పోయినాయనదా, భార్యదా, కొడుకుదా, ఊరిదా అన్నది వెతికి అతికించింది అత్తయ్యగారు.

వాచీ. ఎనిమిది నెలలు ఎవరూ పెట్టుకోని వాచీ ఆగిపోయి ఉండడం వింతేమీ కాదు. కీ ఇచ్చేదైతే రెండో రోజుకే ఆగుతుంది. ఇంకో అనుమానం కూడా ఉంది: ఆయన నిజంగా ‘వాచీ’ అన్నాడా, ‘ఆయన వాడిన వస్తువేదో కనిపిస్తోంది, చేతిదో, కళ్లదో’ అన్నాడా? ఇంటికొచ్చి చెప్పేసరికి తగిలిన మాటలు మిగులుతాయి, తగలనివి రాలిపోతాయి. గంటసేపు మాట్లాడిన మనిషి మూడు నిజాలు చెప్పాడంటే, ఎన్ని చెప్పి ఉంటే మూడు మిగిలాయో అడగాలి.

దీన్ని ఈ విద్య తెలిసినవాళ్లు కోల్డ్ రీడింగ్ అంటారు. అందరికీ సరిపోయే మాటతో మొదలుపెడతారు. ముఖం చూస్తారు, ఊపిరి చూస్తారు. కళ్లు చెమర్చిన చోట ఆగి తవ్వుతారు. తప్పితే ‘ఇంట్లో అడిగి చూడండి, తర్వాత తెలుస్తుంది’ అని మీ మీదకే నెడతారు. ‘పైకి గంభీరంగా ఉన్నా లోపల మెత్తని మనిషి’ లాంటి రెండు వైపులా పదునున్న మాటలు మధ్యమధ్యలో పడుతుంటాయి. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 39 మంది విద్యార్థులకు ‘ఇది నీ వ్యక్తిత్వ విశ్లేషణ’ అని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత బాగా సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం.

ముందే వివరాలు సేకరించి పెట్టుకుని చెప్పేది మరో రకం. దీనికి మన ఊళ్లో గూఢచారులు అక్కర్లేదు. జంక్షన్‌లో కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద ఫొటో, పేరు, తేదీ, కుటుంబసభ్యుల వరుస అన్నీ ఉంటాయి. ఫేస్‌బుక్‌లో మిగతావి. తీసుకెళ్లిన బంధువు అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడు ఫోనులో ఎంత చెప్పారో కూడా కనుక్కోండి. 1986లో అమెరికాలో పీటర్ పోపాఫ్ అనే మతబోధకుడు సభలో కూర్చున్నవాళ్ల పేర్లు, జబ్బులు, చిరునామాలు గడగడా చెప్పేవాడు. ఇలాంటి మోసాలను బయటపెట్టే ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ బృందం రేడియో స్కానర్ పెట్టి 39.17 మెగాహెర్ట్జ్ దగ్గర ఆయన భార్య గొంతు పట్టుకుంది. ప్రార్థన కార్డుల మీద జనం రాసిచ్చినవి ఆమె చదువుతుంటే, ఆయన చెవిలోని చిన్న రిసీవర్‌లో వింటున్నాడు.

పరీక్షించాలనుంటే పద్ధతి ఉంది. ఒకరికొకరు సంబంధం లేని ఐదుగురిని ఎంచుకోండి. వయసూ, ఆడామగా తేడా కొట్టొచ్చినట్టు ఉండకూడదు, లేదంటే ఆ తేడాయే ఆనవాలైపోతుంది. ఐదుగురూ తెర వెనుక కూర్చోవాలి, నోరు విప్పకూడదు. ఆయన ఒక్కొక్కరికీ పదిహేను నిమిషాలు చెప్పినదంతా రికార్డు చేసి, ఉన్నదున్నట్టు టైపు చేయించాలి. ‘ఇందాకటి ఆయనలా కాకుండా’, ‘మధ్యాహ్నం ఎండలో వచ్చారు కదా’ లాంటి వరసను పట్టించే మాటలు తీసేయాలి. ఈ ఒక్క మెలకువ మరిచిపోవడం వల్ల పాడైన పరీక్షలు చాలా ఉన్నాయి. తర్వాత ఐదు కాగితాలనూ కలిపి, అందరికీ ఐదూ ఇచ్చి ఎవరిది వాళ్లను ఎంచుకోమనాలి. ఊరికే చేయి పెట్టి తీసినా సగటున ఒకరికి తమది దొరుకుతుంది. ముగ్గురికో అంతకన్నా ఎక్కువ మందికో కుదరడం కూడా నూటికి ఆరుసార్ల దాకా గుడ్డిగా జరిగేదే. కాబట్టి ముగ్గురికి కుదిరితే పండగ చేసుకోకుండా వేరే ఐదుగురితో మళ్లీ చేయాలి. రాండీ సంస్థ పది లక్షల డాలర్ల పందెం పెట్టి ఏళ్ల తరబడి ఇలాంటి పరీక్షలకు రమ్మంది. 2015లో ఆపేసేదాకా గెలిచినవాళ్లు లేరు. అంతకు ముందే, 1963లో, సిలోన్ హేతువాది అబ్రహం కోవూరు లక్ష రూపాయల సవాలు విసిరారు. అదీ అలాగే మిగిలిపోయింది.

ఇక ఇంటి సంగతి. అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడకు కావలసింది మావయ్యగారి గురించి ఎవరితోనైనా మాట్లాడడం. ఆ గంట మీరివ్వండి. కాపలా కాయవలసింది రెండో విడత దగ్గర: ‘ఆయనకు అక్కడ శాంతి లేదు, ఇంత ఖర్చుతో పూజ చేయకపోతే మనవడికి కీడు’ అనే మాట వస్తే అక్కడితో ఆపేయాలి. దైవాగ్రహం తగులుతుందని నమ్మించి పనులు చేయించడం భారతీయ న్యాయ సంహిత 354 సెక్షన్ కింద, మోసం చేసి డబ్బు లాగడం 318 కింద నేరం. మాటలు రికార్డులో ఉంటే, డబ్బు ఫోన్‌పే ద్వారా వెళ్లి ఉంటే ఫిర్యాదుకు బలం. చేతికిచ్చిన నోట్లకు సాక్ష్యం ఉండదు.

ప్రశ్న: మేం ఏటా తద్దినాలు పెడతాం, తర్పణాలు వదులుతాం. ఇవీ మీ లెక్కలో మోసమేనా?
(సింహాచలం నుంచి, కొంచెం కోపంగా)

కాదు. తద్దినం పెట్టించే బ్రహ్మగారు మీ నాన్నగారు ఫలానా మాట అన్నారని చెప్పరు. అక్కడ మీరు ఇస్తారు, గుర్తుచేసుకుంటారు. అవతల నుంచి సమాచారం తెచ్చానని ఎవరూ అనరు కాబట్టి పరీక్షించడానికీ ఏమీ లేదు. మీడియం విషయం వేరు. అతను ఒక వార్త చెబుతున్నాడు, దానికి రుసుము తీసుకుంటున్నాడు. వార్త నిజమో కాదో అడిగే హక్కు అక్కడ పుడుతుంది.

ప్రశ్న: నేను వైద్య విద్యార్థిని. నీటిలో మరీకి కనిపించిన వెలుగు, ఆ మసక మనుషులు: ఆసుపత్రుల్లో నమోదైన అనుభవాలు ఇలాగే ఉంటాయా? రోగి అడిగితే ఏం చెప్పాలి?
(మహారాణిపేట)

వెలుగు, ప్రశాంతత, ముందే పోయినవాళ్లు కనిపించడం పాశ్చాత్య దేశాల్లో నమోదైన వాటికి దగ్గరగానే ఉన్నాయి. 1975లో రేమండ్ మూడీ వీటిని ఒకచోట చేర్చి పేరు పెట్టాక లెక్కలు మొదలయ్యాయి. 2001లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పిమ్ వాన్ లోమెల్ అధ్యయనంలో నెదర్లాండ్స్‌లో గుండె ఆగి బతికిన 344 మందిలో 62 మంది, అంటే 18 శాతం, ఏదో ఒక అనుభవం చెప్పారు. మిగతా 282 మందికి ఏమీ గుర్తులేదు. సినిమాలు తీసేవాళ్లు ఈ రెండో అంకెను ఎప్పుడూ ముట్టుకోరు.

శరీరం బయటి నుంచి నిజంగా చూస్తారా అన్నది తేల్చడానికి సామ్ పార్నియా బృందం ఆసుపత్రి గదుల్లో పైకప్పు దగ్గర అరలు కట్టి, పై నుంచి చూస్తేనే కనిపించేలా బొమ్మలు పెట్టింది. 2014లో ఫలితాలొచ్చాయి. 2,060 సార్లు గుండె ఆగిన ఘటనలు నమోదైతే, బతికి మాట్లాడగలిగినవాళ్లు 140 మంది, పూర్తి ఇంటర్వ్యూలు 101. చూశాం, విన్నాం అని స్పష్టంగా చెప్పినవాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరికీ గుండె ఆగింది అరలు లేని గదుల్లో. అంటే బొమ్మల పరీక్ష అసలు జరగనేలేదు. నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఇద్దరూ ఈ అధ్యయనాన్ని తమదిగా చెప్పుకుంటుంటారు, ఇద్దరికీ అందులో అంత సరుకు లేదు.

2013లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో జీమో బోర్జిగిన్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగం మరో కోణం. గుండె ఆగాక మొదటి 30 సెకన్లలో మెదడులో గామా తరంగాలు (ఒక రకం విద్యుత్ కదలికలు) తగ్గకపోగా ఉరవడిగా పెరిగాయి. గుండె ఆగడమూ మెదడు ఆగడమూ ఒకే క్షణంలో జరిగేవి కావని గుర్తుంచుకుంటే చాలా గందరగోళం తీరుతుంది.

మీకు పనికొచ్చేది బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో సత్వంత్ పస్రీచా చేసిన పని. మనోవైద్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్‌తో కలిసి 1986లో ఆమె ప్రచురించిన 16 భారతీయ అనుభవాల్లో సొరంగాలు, మిరుమిట్లు గొలిపే వెలుగు కాదు, యమభటులున్నారు. వచ్చి పట్టుకుపోతారు, అక్కడ చిట్టా చూసేవాడు ‘ఈ మనిషి కాదురా, అదే పేరున్న ఇంకొకణ్ణి తెమ్మన్నాను’ అంటాడు, వెనక్కి పంపేస్తారు. ప్రభుత్వ ఆఫీసుల మీద మనకున్న గౌరవం అక్కడ కూడా చెక్కుచెదరలేదన్నమాట. అనుభవం నిజమే కావచ్చు, దాని రూపురేఖలు మాత్రం పుట్టి పెరిగిన చోటు నుంచే వస్తున్నాయి. రోగి చెబితే ‘భ్రమ’ అని కొట్టేయకండి, ‘అవును, అదే పరలోకం’ అని ముద్రా వేయకండి. ‘ఇలా చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు, మీకు మతి చలించలేదు’ అంటే వాళ్లు తేలికపడతారు. ఐసీయూలో వచ్చే డెలీరియమ్‌తో (తాత్కాలికంగా మతి గందరగోళపడడంతో) కలగలపకండి. అది చెదురుమదురుగా, ఎక్కువగా భయంతో, రాత్రికి ముదురుతూ ఉంటుంది.

ఒక తోక: సినిమాలో మరీని బతికించబోయినవాళ్లు కాసేపటికి ఆశ వదిలేస్తారు. మన ఆర్‌కే బీచ్‌లో అలా వదలకండి. నీట మునిగినవాళ్లకు కొరత ప్రాణవాయువుది కాబట్టి ముందు నోటితో ఊపిరి ఇచ్చి, తర్వాత 30 నొక్కులకు 2 ఊపిరుల చొప్పున, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, పెద్దవాళ్లకు 5, 6 సెంటీమీటర్లు లోతుగా ఛాతీ నొక్కాలి. కడుపు నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం వద్దు, కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకొకరు 108కి ఫోను చేయాలి.

ప్రశ్న: సోది చెప్పే ఆవిడ మీద ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్ రాస్తున్నాం. భీమిలి దగ్గర తీయాలనుకుంటున్నాం. ఈ సినిమా చేసిన తప్పులు మేం చేయకుండా ఏం చూసుకోవాలి?
(నలుగురు మిత్రులు, సీతమ్మధార)

ముందు ఆవిడకు శక్తి ఉందో లేదో మీ నలుగురూ తేల్చుకోండి, ప్రేక్షకుడికి మాత్రం చెప్పకండి. ఇరవై నిమిషాలంటే సుమారు ఇరవై పేజీలు. నాలుగో పేజీలోగా ఆవిడ ఒక నిజం చెప్పాలి, ఎనిమిదో పేజీలోగా ఒక ఘోరమైన తప్పు చెప్పాలి. ఆ తర్వాత ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా జనం ఊపిరి బిగబట్టి వింటారు.

చెప్పిన ప్రతి మాటకూ ఎవరో ఒకరు మూల్యం చెల్లించాలి. కూతురు పెళ్లి ఆగాలి, పొలం తగాదా మళ్లీ లేవాలి. కన్నీళ్లు మూల్యం కాదు, షార్ట్ ఫిల్మ్‌లలో అవి మరీ చవక.

సోదిని సోదిలాగే రాయండి. గద్దె, బుట్ట, చేతిలో కర్ర, కొలువు తీరిన దేవతల పేర్ల వరస, ఆ రాగం. ఆవిడ అడిగే ప్రశ్నలను గమనించి రాసుకుంటే పైన గాజువాక పాఠకురాలికి చెప్పిన మెలకువలన్నీ అందులో దొరుకుతాయి. కానీ వాటిని డైలాగులో వివరించకండి. చూసేవాడే పట్టుకోవాలి.

‘హియరాఫ్టర్’లో చేయి తాకగానే హోరుమని శబ్దం, తెల్లటి మెరుపు. మొదటిసారి ఉలిక్కిపడతాం, మూడోసారికి గడియారం చూసుకుంటాం. మీరు ఉన్న శబ్దాన్ని తీసేసి చూడండి: ఫ్యాను, సముద్రం, దూరంగా బస్సు హారను, అన్నీ రెండు సెకన్లలో మెల్లగా తగ్గి, ఆవిడ ఊపిరి ఒక్కటే మిగిలితే చాలు. దీనికోసం ప్రతి లొకేషన్‌లో ఎవరూ మాట్లాడకుండా నిమిషం పాటు గది శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోవాలి. షూటింగ్ హడావుడిలో అందరూ ఎగ్గొట్టేది ఇదే, ఎడిటింగ్‌లో అందరూ తలపట్టుకునేదీ ఇక్కడే.

బీచ్ దగ్గర తీస్తే కష్టాలు ఎక్కువ. మైకుకు బొచ్చు తొడుగు లేకపోతే గాలి దెబ్బకు డైలాగు పనికిరాదు. ఒకే సంభాషణను పొద్దున సగం, సాయంత్రం సగం తీస్తే ఆటుపోట్ల తేడాకు అలల హోరు కట్ కట్‌కూ మారిపోయి దొరికిపోతారు. మనుషులకు దగ్గరగా కాలర్ మైకులు పెట్టి, అలల శబ్దాన్ని మూడు నిమిషాలు విడిగా తీసుకుని, మొత్తం సీను కింద అదొక్కటే పరవండి. ఏసీ కారులోంచి తీసిన లెన్సు తీరపు తేమకు మసకబారుతుంది, షాట్‌కు అరగంట ముందే సంచీతో సహా బయట పెట్టండి. ఉప్పు తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దకూడదు, గీతలు పడతాయి. ముందు గాలి బుడ్డితో ఊదాలి, తర్వాత తడి గుడ్డ. డ్రోను సంగతి మరిచిపోండి. నేవీ ఉన్న ఊరిది, అనుమతి లేకుండా ఎగరేస్తే సినిమా పోలీస్ స్టేషన్‌లో పూర్తవుతుంది.

కవలలు కావాలన్నారు ఉత్తరం చివర. ఈస్ట్‌వుడ్‌కు నిజం కవలలే దొరికారు, ఇద్దరి చేతా రెండు పాత్రలూ మార్చి మార్చి చేయించాడు. మీకు ఒక్క కుర్రాడే ఉంటే ట్రైపాడ్‌ను ఇసుక బస్తాతో బిగించి, ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో కట్టేయండి. ఎడమ సగంలో ఒకసారి, కుడి సగంలో ఒకసారి తీసి మధ్యలో అతికించండి. నీడ కూడా గీత దాటకూడదు. మబ్బులున్న రోజు ఈ పని పెట్టుకోకండి, రెండు టేకుల మధ్య వెలుతురు మారితే అతుకు కనబడుతుంది. గుమ్మం నిలువు చెక్కనో, స్తంభాన్నో అతుకు మీదకు వచ్చేలా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

చిన్న ప్రశ్నలు

జపాన్‌లో ఈ సినిమాను నిషేధించారటగా? (మధురవాడ)
నిషేధం కాదు. 2011 మార్చి 11 సునామీ వచ్చేనాటికి అక్కడ థియేటర్లలో ఆడుతోంది. పంపిణీదారులే వెనక్కి తీసుకున్నారు.

పిల్లలతో చూడొచ్చా? (ఎంవీపీ కాలనీ)
పన్నెండేళ్ల లోపువాళ్లతో వద్దు. రక్తం తక్కువే, కానీ కవలల్లో ఒకడు వ్యాను కింద పడి పోవడం, మిగిలినవాడి ఒంటరితనం చిన్నవాళ్లకు రోజుల తరబడి గుర్తుంటాయి.

చివర్లో మార్కస్‌తో జార్జ్ చెప్పినదంతా నిజమేనా? (పెందుర్తి)
బాగా పట్టుకున్నారు. జేసన్ వెళ్లిపోతున్నాడని జార్జ్ అంటాడు, పిల్లాడు వెళ్లొద్దని ఏడుస్తాడు. అప్పుడు ‘మళ్లీ వచ్చాడు’ అని కొన్ని మాటలు చెబుతాడు. మా ఉద్దేశంలో ఆ రెండో విడత జార్జ్ సొంతంగా అల్లింది. డేమన్ గొంతు అక్కడ మారుతుంది, కళ్లు కూడా పిల్లాడి మీదే ఉంటాయి. అదే నిజమైతే, శక్తి ఉన్నవాడు కూడా దొంగ మీడియంలు చేసే పనే చేశాడు, డబ్బు కోసం కాకుండా జాలితో. సినిమా మొత్తం దీని మీద నిలబడవలసింది. ఒక నిమిషం తాకి, ప్రేమకథ ముగించడానికి వెళ్లిపోయింది.

మళ్లీ చూడాలంటే ఎక్కడెక్కడ చూడాలి? (అక్కయ్యపాలెం)
మొదటి పది నిమిషాలు, వంట క్లాసు, మార్కస్ మీడియంల దగ్గరకు తిరిగే భాగం, హోటల్ గదిలో మార్కస్, జార్జ్. అన్నీ కలిపి అరగంటకు మించవు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, నీటి లోపలి శబ్దం టీవీ స్పీకర్లలో సగమే వినిపిస్తుంది.